అద్దంలా మెరిసే ప్రొపెల్లర్ వల్ల బోటు వేగం పెరుగుతుందా?

స్పీడుబోట్లను ఇష్టపడి నడిపేవారి మధ్య, ముఖ్యంగా అమెరికా సరస్సుల మీద ఔట్‌బోర్డ్ (పడవ వెనుక బయట బిగించే), స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ లోపల, డ్రైవ్ వెనుక బయట ఉండే) ఇంజిన్లతో వేగం కోసం ప్రయత్నించేవారి మధ్య, ఒక వాదన ఎంతకాలమైనా తెగడం లేదు. ప్రొపెల్లర్‌నూ, దాన్ని మోస్తూ నీటిలో మునిగి ఉండే గేర్ల పెట్టెను, అంటే గేర్‌కేస్‌నూ అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేస్తే బోటు వేగం పెరుగుతుందని ఒక పక్షం నమ్ముతుంది. రెండో పక్షం దీనికి సరిగ్గా ఎదురు మాట చెబుతుంది. మెరుపు మంచిది కాదని, ఉపరితలాన్ని సన్నని ఉప్పు కాగితంతో కాస్త గరుకుగా ఉంచితే ఆ గీతల్లో పలుచని నీటి పొర నిలిచిపోతుందని, అప్పుడు లోహం మీద కాకుండా నీటి మీదే నీరు జారుతుందని అంటుంది. ఇద్దరి దగ్గరా సొంత అనుభవాలు ఉన్నాయి, జీపీఎస్ చూపిన అంకెలు కూడా ఉన్నాయి. ఆ అంకెలు అబద్ధం కాకపోవచ్చు గానీ, వాటికి ఇద్దరూ చెప్పుకొనే కారణాలు మాత్రం చాలావరకు నిలబడవు.

మెరుపు కాంతికి సంబంధించిన గుణం. ప్రవాహం విషయంలో తేల్చుకోవలసిన ప్రశ్నలు వేరు. ఉపరితలం మీది ఎత్తుపల్లాలు దానికి ఆనుకొని ఉండే ఒక అతి పలుచని నీటి పొరను దాటి పైకి లేస్తున్నాయా? లేస్తే అవి ఎక్కడ ఉన్నాయి, నీటిని మొదట కోసే ముందంచు మీదా, రెక్క నడుమనా, లేక రెక్కలు కలిసే మధ్య భాగమైన హబ్ దగ్గరా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంత పాలిష్ అవసరమో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

రెక్క వేగం వేరు, బోటు వేగం వేరు

ఒక సాధారణ ఉదాహరణతో లెక్క వేద్దాం. 15 అంగుళాల వ్యాసం, 21 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లర్‌ను తీసుకుందాం. పిచ్ అంటే నీరు గట్టి పదార్థమైతే, మరలా తిరుగుతూ ప్రొపెల్లర్ ఒక చుట్టులో ముందుకు సాగే దూరం. ఇంజిన్ నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతోంది, గేరు నిష్పత్తి 1.75 అనుకుంటే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 3,310 చుట్లు తిరుగుతుంది. నీరు గట్టిది కాదు కనుక అందులో జారిపోయే భాగానికి, అంటే స్లిప్ కింద, 12 శాతం తీసేస్తే బోటు సెకనుకు 26 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 93 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గేర్‌కేస్‌ను తాకే నీటి వేగం ఇంతే. రెక్క మాత్రం ముందుకు సాగుతూనే గుండ్రంగా కూడా తిరుగుతోంది. కేంద్రం నుంచి 70 శాతం దూరంలో ఉన్న భాగం తిరిగే వేగం సెకనుకు 46 మీటర్లు. రెండు వేగాలనూ కలిపితే, ఆ చోట రెక్క నీటిని కోస్తున్న వేగం సెకనుకు 53 మీటర్లు, గంటకు 190 కిలోమీటర్లు అవుతుంది. రెక్క కొసకు వెళితే అది గంటకు 255 కిలోమీటర్లు దాటుతుంది.

ఘర్షణ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, ఆ ఘర్షణకు ఖర్చయ్యే శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. కాబట్టి రెక్క మీద ఒక చదరపు సెంటీమీటరు, గేర్‌కేస్ మీది చదరపు సెంటీమీటరు కంటే ఎనిమిది రెట్లకు పైగా శక్తిని తినేస్తుంది. రెక్కల రెండు ముఖాలూ కలిసి సుమారు 0.12 చదరపు మీటర్ల విస్తీర్ణం ఉంటుందనుకొని, అంతటా 53 మీటర్ల వేగాన్నే తీసుకొని ముతకగా లెక్క వేసినా, పూర్తిగా నునుపైన రెక్కలు కూడా కేవలం ఘర్షణ కింద 30 కిలోవాట్ల వరకు, అంటే దాదాపు 40 హార్స్‌పవర్ మింగుతాయి. ఇలాంటి బోటుకు ఇంజిన్ 200 హార్స్‌పవర్ ఉంటుందనుకుంటే ఇది అయిదో వంతు. అరచేతుల్లో పట్టేంత లోహానికి ఇంత ఖర్చు అని తెలిశాక, పాలిష్ గురించి పట్టించుకునేవారిది వట్టి మోజు కాదని ఒప్పుకోవలసి వస్తుంది. ఉపరితలం గరుకై ఆ ఘర్షణ 10 శాతం పెరిగితే 4 హార్స్‌పవర్ పోతుంది, అంటే మొత్తం శక్తిలో 2 శాతం. నీటి మీద తేలి దూసుకుపోయే బోట్ల వేగం సుమారుగా శక్తి వర్గమూలంతో మారుతుంది కనుక వేగంలో తగ్గేది 1 శాతం, గంటకు ఒక కిలోమీటరు. పోటీలో అది చాలా పెద్ద తేడా. సెలవు రోజు చేపలు పట్టడానికి వెళ్లేవారికి అది గాలి దిశ మారితే వచ్చే తేడా కంటే తక్కువ.

గోడను ఆనుకున్న పొర

లోహాన్ని తాకుతున్న నీరు లోహంతోపాటే కదులుతుంది. అది అద్దంలా ఉన్నా, గరుకుగా ఉన్నా, మైనం పూసినా, మామూలు నీటి విషయంలో ఈ నియమం మారదు. అక్కడి నుంచి కొంచెం దూరం పోయేసరికి నీటికి బయటి ప్రవాహపు వేగం వస్తుంది. ఈ మార్పు జరిగే సన్నని ప్రాంతాన్ని సరిహద్దు పొర అంటారు. జర్మనీకి చెందిన లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో ఈ భావనను ప్రతిపాదించాడు. బోటు వేగాల దగ్గర ఈ పొరలో ఎక్కువ భాగం సుడులతో అల్లకల్లోలంగా ఉంటుంది. అయితే దాని అట్టడుగున, లోహాన్ని ఆనుకొని, స్నిగ్ధతే, అంటే నీటి జిగటతనమే, రాజ్యమేలే ఒక ఉపపొర మిగిలి ఉంటుంది. అక్కడ సుడులు బలంగా నిలవలేవు. ఉపరితలం మీది గీతలు, గుంతలు ఈ ఉపపొరలో మునిగిపోయేంత చిన్నవైతే పైనున్న ప్రవాహం మీద వాటి ప్రభావం ఉండదు. ఇంజినీర్లు అటువంటి ఉపరితలాన్ని, సూక్ష్మదర్శినిలో అది ఎలా కనిపించినా సరే, జలశాస్త్ర దృష్టిలో నునుపైనదే అంటారు. ఎత్తుపల్లాలు ఉపపొరను చీల్చుకొని పైకి వస్తే ఒక్కొక్క గరుకు మొన వెనుకా చిన్న సుడి పుట్టి, ఆ సుడులన్నీ శక్తిని తినడం మొదలవుతుంది.

ఈ విషయాన్ని సిద్ధాంతం కంటే ముందే ప్రయోగంతో చూపినవాడు విలియం ఫ్రూడ్. ఇంగ్లండులోని టోర్కీలో తన ఇంటి పక్కన బ్రిటిష్ నౌకాదళ శాఖ సాయంతో తవ్వించిన తొట్టిలో, 1870ల తొలినాళ్లలో, నిలువుగా నిలిపిన పలుచని చెక్కపలకలను నీటిలో లాగించి వాటి నిరోధాన్ని కొలిచాడు. కొన్నింటికి వార్నిష్ పూశాడు, కొన్నింటికి తగరపు రేకు, మరికొన్నింటికి నూలు గుడ్డ అంటించాడు, కొన్నింటి మీద సన్నవి, మధ్యరకపువి, ముతకవి ఇసుక రేణువులు అద్దాడు. 50 అడుగుల పొడవైన పలకల మీద సన్నని ఇసుక వార్నిష్ కంటే సుమారు 60 శాతం ఎక్కువ నిరోధం చూపింది, నూలు గుడ్డ దాదాపు రెట్టింపు చూపింది. వార్నిష్‌కూ, తగరపు రేకుకూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేటి వాదనకు కావలసిన జవాబులో సగం ఆ చివరి ఫలితంలోనే ఉంది. ఒక స్థాయి నునుపు వచ్చాక, ఉపరితలం దేనితో చేసినదన్నది లెక్కలోకి రాదు. ఆ స్థాయి ఎక్కడుందో నిర్ణయించే పని తర్వాత జర్మనీలోని గోటింగెన్‌లో జరిగింది. ప్రాంట్ల్ శిష్యుడు యోహాన్ నికురాడ్సే గొట్టాల లోపల ఒకే పరిమాణపు ఇసుక రేణువులను అంటించి, నీటిని పంపి, 1933లో ప్రచురించిన కొలతలు ఈనాటికీ గరుకుదనపు లెక్కలకు ఆధారంగా ఉన్నాయి. గరుకు ఉపరితలాన్ని ఫలానా ఎత్తు ఇసుకతో సమానమని చెప్పే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది.

నికురాడ్సే కొలతల నుంచి వచ్చిన ఒక తేలికపాటి సూత్రం మన పనికి చాలు. నీటి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని 100ను దానితో భాగిస్తే, ప్రవాహానికి భారం కాని గరుకు ఎత్తు మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. సెకనుకు 10 మీటర్లతో పోయే బోటు అడుగుభాగానికి ఆ హద్దు 10 మైక్రాన్లు. మన ఉదాహరణలోని గేర్‌కేస్‌కు దాదాపు 4 మైక్రాన్లు. రెక్కకు, 70 శాతం దూరంలో, 2 మైక్రాన్ల కంటే కాస్త తక్కువ, కొస దగ్గర ఒకటిన్నర. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఈ హద్దు ఎంత కఠినమైనదో అర్థమవుతుంది. అదే సమయంలో అది అందరానిదీ కాదు. 400 నంబరు ఉప్పు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నన) తడిగా రుద్దిన స్టెయిన్‌లెస్ స్టీలు మీద గీతల సగటు గరుకుదనం సాధారణంగా ఒక మైక్రానులో సగానికి తక్కువే ఉంటుంది. యంత్రంతో కొలిచే ఈ సగటు గరుకుదనాన్ని ఇసుక ఎత్తుకు మార్చేటప్పుడు కొన్ని రెట్లు పెంచి చూడాలి కాబట్టి, 400 దగ్గర మనం హద్దుకు చేరువలో ఉన్నట్టు, 600 దగ్గర రెక్క కొసకు కూడా హద్దు లోపలికి వచ్చేసినట్టు. ఆ తర్వాత 1000, 2000 నంబర్ల కాగితాలతో రుద్ది, బఫింగ్ చక్రం మీద అద్దపు మెరుపు తెచ్చేదాకా చేసే పని అంతా ఉపపొరలో ఎప్పుడో మునిగిపోయిన గీతలను ఇంకా సన్నగా చేయడమే.

పెద్ద ఓడల ప్రపంచం ఈ హద్దుల విషయంలో మొదటినుంచీ నిక్కచ్చిగా ఉంది. ప్రొపెల్లర్ల తయారీకి వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 484 వాటిని తరగతులుగా విభజించి, అన్నిటికంటే కఠినమైన ఎస్ తరగతికి సగటు గరుకుదనం 3 మైక్రాన్లు, ఒకటో తరగతికి 6 మైక్రాన్లు మించకూడదని చెబుతుంది. ఓడ నీటిలో ఉండగా ప్రొపెల్లర్‌ను పరిశీలించే డైవర్లు రూబర్ట్ కొలమానం అనే చిన్న పలకల గుత్తిని వెంట తీసుకెళతారు. ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు నమూనాలు ఉంటాయి. వేలితో రెక్కను ఒకసారి, నమూనాను ఒకసారి తడిమి ఏది దేనితో సరిపోలుతోందో చెబుతారు. కంటిచూపు మెరుపుకు మోసపోయే చోట వేలికొస నిజం చెబుతుంది.

మైనం, గీతలు, సొరచేప చర్మం

నీటి మీద నీరు జారుతుందనే వాదన ఎందుకు నిలవదో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. లోహాన్ని తాకే నీరు ఎలాగూ లోహంతోనే కదులుతోంది. గీతల్లో మరికొంత నీటిని ఆపినంత మాత్రాన కొత్తగా కలిగే లాభం లేదు. మైనం పూస్తే నీటి బొట్లు ముత్యాల్లా జారిపోతాయి కాబట్టి బోటు కూడా జారుతుందనే మాటకూ ఇదే జవాబు. బొట్టు ఆకారాన్ని నిర్ణయించేది తలతన్యత. పూర్తిగా మునిగి ఉన్న ఉపరితలం మీద, ఈ వేగాల దగ్గర, దానికి పాత్ర లేదు. మరి ఉప్పు కాగితంతో రుద్దాక బోటు నిజంగానే వేగం పుంజుకుందని చెప్పేవారి సంగతేమిటి? ఫ్యాక్టరీ పెయింటు మీద నారింజ తొక్కలాంటి అలలు, కారిన రంగు చుక్కలు, ఎత్తుగా మిగిలిన అతుకులు తరచుగా ఉంటాయి. కాగితంతో రుద్దేటప్పుడు అవి పోతాయి. లాభం కలిగించినది ఆ చదును, ఆ తర్వాత మిగిలిన గీతలు కాదు.

గోల్ఫ్ బంతి మీది గుంతలను ఉదాహరణగా చూపే వాదన ఇంకొంచెం లోతైనది, అందుకే దాన్ని విడిగా పరిశీలించాలి. నునుపైన బంతి చుట్టూ ప్రవాహం ముందుభాగంలో స్తరితంగా, అంటే పొరలు పొరలుగా ఉండి, తొందరగా ఉపరితలాన్ని విడిచిపెడుతుంది. దానివల్ల బంతి వెనుక పెద్ద ఖాళీ ఏర్పడి వెనక్కి లాగుతుంది. గుంతలు ప్రవాహాన్ని అల్లకల్లోలం చేసి, అది ఇంకొంత దూరం ఉపరితలాన్ని అంటిపెట్టుకొనేలా చేస్తాయి. గేర్‌కేస్ పరిమాణానికీ వేగానికీ వచ్చేసరికి ప్రవాహం ముందే అల్లకల్లోలమై ఉంటుంది, దాని ఆకారం కూడా వెనక్కి సన్నబడేదే. గుంతలు చేయవలసిన పని అక్కడ మిగిలి లేదు. చిత్రమేమిటంటే, ఓడ నమూనాలను తొట్టెల్లో పరీక్షించే ప్రయోగశాలల్లో ఇదే ఉపాయాన్ని కావాలని వాడతారు. నమూనా చిన్నది, దాని వేగం తక్కువ, కనుక దాని మీద ప్రవాహం స్తరితంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. అసలు ఓడ మీద అలా ఉండదు. అందుకని నమూనా ముందుభాగంలో ఇసుక పట్టీలో, చిన్న మేకులో అమర్చి ప్రవాహాన్ని ముందే అల్లకల్లోలం చేస్తారు. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉన్న 500 మీటర్ల పొడవైన తొట్టిలాంటి చోట్ల చేసే పరీక్షలన్నిటికీ ఈ చిక్కు ఉంటుంది.

గీతలు ఘర్షణను నిజంగా తగ్గించే సందర్భం ఒకటి ఉంది. సొరచేప చర్మం మీది సన్నని గాడులను చూసి నాసా పరిశోధకులు తయారు చేసిన రిబ్లెట్లు ప్రయోగశాలలో ఘర్షణను 8 శాతం వరకు తగ్గించాయి. ప్రవాహ దిశలో సాగే ఈ గాడులు గోడ దగ్గరి సుడులను అటూ ఇటూ జరగనివ్వవు. 1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో అమెరికా రోయింగ్ పడవ ఒకదానికీ, 1987లో ఫ్రీమాంటిల్‌లో అమెరికాస్ కప్ గెలిచిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ తెరచాప పడవకూ ఈ గాడులున్న పలుచని పొరను అంటించారు. ఆ తర్వాత తెరచాప పోటీల నిబంధనలు అటువంటి ప్రత్యేక ఉపరితలాలను నిషేధించాయి. అయితే ఇవి పనిచేయాలంటే గాడుల మధ్య దూరం ప్రవాహ వేగానికి సరిగ్గా తగినట్టు ఉండాలి. తెరచాప పడవకు అది దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. మన ఉదాహరణలోని రెక్కకు లెక్క కడితే 7 మైక్రాన్లు వస్తుంది. ఉప్పు కాగితంతో ఇష్టం వచ్చిన దిశలో పెట్టిన గీతలకు ఈ పరిమాణమూ ఉండదు, ఆ క్రమమూ ఉండదు.

ముందంచు మీది నొక్కు

ఇంతవరకు చెప్పినది ఘర్షణ గురించి. ఎక్కువ వేగాల దగ్గర అంతకంటే పెద్ద నష్టం ఒత్తిడి వైపు నుంచి వస్తుంది, దీని గురించి పాలిష్ చర్చల్లో మాట్లాడవలసినంతగా మాట్లాడరని నా అభిప్రాయం.

నీటిలో ఒత్తిడి తగినంత తగ్గితే అది మామూలు ఉష్ణోగ్రత దగ్గరే మరిగి ఆవిరి అవుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందుకు ఒత్తిడి వాతావరణ పీడనంలో 4 శాతానికి పడిపోవాలి. రెక్క ముందువైపు ముఖం (పడవ సాగే దిశ వైపు ఉన్నది) మీద ప్రవాహం వేగం పుంజుకొని ఒత్తిడి తగ్గుతుంది, రెక్క నీటిని పట్టుకొని లాగేది ప్రధానంగా ఆ చూషణతోనే. ఆ చూషణ హద్దు మీరితే ఆవిరి బుడగలు పుట్టి, ఒత్తిడి పెరిగిన చోటికి వెళ్లి పగిలి, లోహాన్ని తొలిచేస్తాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. చార్ల్స్ పార్సన్స్ 1894లో తన టర్బైన్ ఓడ టర్బీనియాను నీటిలోకి దించినప్పుడు ఇంజిన్ శక్తి అంతా ఇలా బుడగల పాలై, ఆశించిన వేగం రాలేదు. ఆయన వేడి నీటితో, తగ్గించిన ఒత్తిడితో ఒక చిన్న పరీక్షా సొరంగం కట్టి బుడగలను కళ్లారా చూశాడు. తర్వాత మూడు ఇరుసుల మీద మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చి, 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో 34 నాట్లకు (గంటకు సుమారు 63 కిలోమీటర్లకు) పైగా వేగం చూపించాడు.

ఉపరితలానికీ దీనికీ సంబంధం ముందంచు దగ్గర ఉంది. అక్కడే ప్రవాహం రెండుగా చీలి, అతి తక్కువ దూరంలో అతి ఎక్కువగా వేగం పుంజుకుంటుంది. రాయి తగిలి పడిన నొక్కు, ఆకురాయితో రుద్దినప్పుడు మిగిలిన మూల, పెయింటు ఊడి ఏర్పడిన మెట్టు, ఇవన్నీ ఆ చోట స్థానికంగా ఒత్తిడిని ఇంకా కిందికి నెట్టి బుడగలను ముందుగానే పుట్టిస్తాయి. రెక్క నడుమ అరమిల్లీమీటరు గీత వల్ల కలిగే నష్టం చిన్నది. అదే అరమిల్లీమీటరు నొక్కు ముందంచు బయటి సగంలో ఉంటే, దాని వెనుక రెక్క మీద ఒక పట్టీ పొడవునా బుడగల జాడ ఏర్పడుతుంది. వాడిన ప్రొపెల్లర్‌ను జాగ్రత్తగా చూస్తే ఆ జాడ మసకబారిన, గుంతలు పడిన మరకగా కనిపిస్తుంది, దాని మొదటి కొసను అనుసరిస్తూ పోతే తప్పు చేసిన నొక్కు దొరుకుతుంది. హబ్ దగ్గరి భాగంలో వేగం తక్కువ, పని కూడా తక్కువ. అక్కడ గంటల తరబడి పాలిష్ చేసి, కొస దగ్గర ముందంచును సరిచూడకుండా వదిలేయడం శ్రమను తలకిందులుగా పెట్టడమే.

గేర్‌కేస్ విషయంలో ఇది ప్రమాదానికి కూడా దారితీస్తుంది. సెకనుకు 26 మీటర్ల వేగం దగ్గర నీటి చలన పీడనం (వేగం వల్ల కలిగే ఒత్తిడి) వాతావరణ పీడనానికి 3.3 రెట్లు. సెకనుకు 35 మీటర్ల దగ్గర, అంటే గంటకు 126 కిలోమీటర్ల దగ్గర, అది 6 రెట్లు దాటుతుంది. అప్పుడు గేర్‌కేస్ పక్కన ఎక్కడైనా ఆ చలన పీడనంలో ఆరో వంతు చూషణ ఏర్పడినా చాలు, నీరు మరగడం మొదలవుతుంది. మొద్దుగా గుండ్రంగా ఉన్న ముక్కు చుట్టూ అంత చూషణ సహజంగానే వస్తుంది. అలా పుట్టిన బుడగ పెరిగి వెనుకనున్న ప్రొపెల్లర్‌ను కమ్మేస్తే అది ఒక్కసారిగా పట్టు కోల్పోయి, బోటు పక్కకు విసిరినట్టు తిరుగుతుంది. ఈ రంగంలో దీన్ని బ్లోఅవుట్ అంటారు. అందుకే వేగపు బోట్లకు సన్నగా కొనదేలిన ముక్కు ఉన్న గేర్‌కేస్‌లు వాడతారు, మామూలు వాటికి ముక్కుభాగం అతికిస్తారు. ఆ అతుకు దగ్గర మిగిలిన చిన్న గట్టు, స్కెగ్ (గేర్‌కేస్ అడుగున ఉండే రెక్కలాంటి భాగం) ముందంచు మీది సొట్ట, ఒక పక్క మాత్రమే ఎక్కువగా రుద్దడం వల్ల ఎడమకూ కుడికీ ఆకారంలో వచ్చిన తేడా, ఇవి బ్లోఅవుట్ వచ్చే వేగాన్ని తగ్గిస్తాయి, స్టీరింగ్‌ను ఒక పక్కకు లాగుతాయి. ఇక్కడ సమరూపతను కాపాడటం మెరుపు కంటే ఎన్నో రెట్లు ముఖ్యం. పెద్ద వేగాల కోసం గేర్‌కేస్‌ను చేత్తో రుద్దాలనుకొనేవారు రెండు పక్కలకూ అట్టతో మూసలు కత్తిరించుకొని, పోల్చుకుంటూ పని చేయాలి.

గేర్‌కేస్ మీద ఘర్షణ లెక్క సాదాసీదా. నునుపుగా ఉంటే మన ఉదాహరణలో 10 హార్స్‌పవర్ వరకు పోతుంది. బ్రష్షుతో దట్టంగా పూసిన, 100 మైక్రాన్ల ఇసుకతో సమానమైన పెయింటు ఉంటే అది దాదాపు రెట్టింపు అవుతుంది. ఫ్యాక్టరీ పెయింటు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని మెరిపించి సాధించేది స్వల్పం. ఉప్పునీటిలో ఎప్పుడూ ఉంచే డ్రైవ్‌లకు నాచు, బార్నకిల్స్ (అంటుకొని పెరిగే గుల్ల జీవులు) పట్టకుండా పూత వేయక తప్పదు. అయితే రాగి ఆక్సైడు కలిసిన పూతలు అల్యూమినియాన్ని తినేస్తాయి కనుక అల్యూమినియం డ్రైవ్‌లకు తగిన పూతలే వాడాలి, వాటిని కూడా పలుచగా స్ప్రే చేసి, ఆరాక సన్నని కాగితంతో చదును చేయాలి.

సగం నీటిలో, సగం గాలిలో తిరిగే సర్ఫేస్ డ్రైవ్ ప్రొపెల్లర్ల దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. ప్రతి చుట్టులోనూ రెక్క గాలిని వెంటబెట్టుకొని నీటిలోకి దిగుతుంది కాబట్టి దాని ముందువైపు ముఖం పూర్తి వేగంలో నీటినే తాకదు, గాలి కుహరంలో ఉంటుంది. అక్కడి గరుకుదనం దాదాపు లెక్కలోకి రాదు. నీటిని వెనక్కి నెట్టే ముఖం, కత్తిలా ఉన్న ముందంచు, మందమైన వెనకంచు, ఈ మూడే అక్కడ ముఖ్యం. మామూలు ప్రొపెల్లర్‌లో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరే ముఖం ఇక్కడ అన్నిటికంటే తక్కువ జాగ్రత్తతో సరిపెట్టుకుంటుంది.

పాలిష్ చేసే హాని

పాలిష్ చేయడమంటే లోహాన్ని తీసేయడం. బఫింగ్ చక్రం పదునైన అంచుల దగ్గర ఎక్కువగా, చదునైన చోట తక్కువగా తింటుంది. ఫలితంగా ముందంచు గుండ్రబడుతుంది, వెనకంచు పలుచబడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా వెనకంచు దగ్గర కొద్దిగా వంచి ఉంచే కప్ అరిగిపోతుంది. ఆ చిన్న వంపు ప్రొపెల్లర్ నీటిని పట్టుకోవడంలో ఎంత పని చేస్తుందంటే, అది కాస్త తగ్గినా ఇంజిన్ నిమిషానికి వంద, రెండు వందల చుట్లు ఎక్కువ తిరుగుతుంది. పైకి అద్దంలా ఉన్న రెక్క మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని చూడండి. అది వంకరలు పోతుంటే, గీతలు పోయినా అలలు మిగిలాయన్నమాట. ఆ అలలు గీతల కంటే ఎక్కువ హాని చేస్తాయి. చేతిలో ఉప్పు కాగితాన్ని మెత్తని వేళ్లతో కాకుండా, వంగే సన్నని పలకకు చుట్టి, ప్రవాహం సాగే దిశలో, అంటే ముందంచు నుంచి వెనకంచు వైపు రుద్దితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఏ రెక్క మీద ఎంత తీస్తున్నామో మిగిలిన రెక్కల మీద కూడా అంతే తీయాలి.

అల్యూమినియం ప్రొపెల్లర్ తీసి స్టెయిన్‌లెస్ స్టీలుది బిగించినప్పుడు పెరిగే వేగాన్ని చాలామంది మెరుపు ఖాతాలో వేస్తారు. స్టీలు బలమైనది కనుక రెక్కను పలుచగా పోత పోయవచ్చు, భారం పడినప్పుడు అది తక్కువ వంగుతుంది, కప్ పదునుగా నిలుస్తుంది. తేడాలో పెద్ద భాగం వీటిదే.

మన తీరంలోని యాంత్రిక చేపల పడవల విషయంలో ఈ చర్చకు ముగింపు వేరుగా ఉంటుంది. 75 సెంటీమీటర్ల కాంస్య ప్రొపెల్లర్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుంటే, వల లాగుతూ పడవ నడక వేగంతో కదులుతున్నా రెక్క మాత్రం సెకనుకు 19 మీటర్లతో నీటిని కోస్తుంటుంది. హద్దు 5 మైక్రాన్లు. బాగా పోత పోసి, ఓ మోస్తరుగా రుద్దిన రెక్క దాని దరిదాపుల్లోనే ఉంటుంది, మెరుపు అవసరం లేదు. కానీ 2 మిల్లీమీటర్ల బార్నకిల్ ఆ హద్దుకు 400 రెట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో పడవలను ఒడ్డుకు లాగి మరమ్మతులు చేసుకుంటారు. అడుగుకు రంగు వేయడంతోపాటు ప్రొపెల్లర్‌ను గీకి, ముందంచులు సరిచేసి, రెక్కలను సన్నని కాగితంతో రుద్దడం డీజిల్ ఖర్చు మీద నేరుగా కనిపించే పని. దానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఇంత లాభం ఇచ్చే మరమ్మతు ఇంకొకటి ఉందని నేననుకోను.

చేసిన పని ఫలించిందో లేదో తెలుసుకోవడానికి గరిష్ఠ వేగాన్ని ఒక్కసారి చూస్తే చాలదు. గాలి, అలలు, ఇంధనం బరువు, గాలి ఉష్ణోగ్రత, ఇవన్నీ కలిసి తెచ్చే మార్పు పాలిష్ తెచ్చే మార్పు కంటే పెద్దదిగా ఉండవచ్చు. ఒకే దారిలో రెండు దిశల్లోనూ పలుమార్లు నడిపి సగటు తీయాలి, ఇంజిన్ చుట్లను కూడా వేగంతోపాటు రాసుకోవాలి. అసలు సమాచారం ఆ రెండు అంకెల మధ్య సంబంధంలో ఉంటుంది. చుట్లు, వేగం రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో పెరిగితే రెక్కల మీద ఘర్షణ తగ్గి ఇంజిన్ తేలికగా తిరుగుతోందని అర్థం. చుట్ల కంటే వేగం కాస్త ఎక్కువ నిష్పత్తిలో పెరిగితే స్లిప్ తగ్గింది, అంటే గేర్‌కేస్ లేదా పడవ అడుగు నిరోధం తగ్గింది. చుట్లు పెరిగి వేగం అలాగే ఉండిపోతే, లేదా తగ్గితే, పాలిష్ చేసేటప్పుడు కప్ అరిగిపోయిందో, ముందంచు ఆకారం మారిందో చూసుకోవాలి. అటువంటి ప్రొపెల్లర్‌ను మళ్లీ బఫింగ్ చక్రం దగ్గరకు తీసుకెళ్లకుండా, పిచ్ కొలిచి కప్ వేసే పనివారి దగ్గరకు తీసుకెళ్లాలి.